మూడు నిమిషాల పెళ్లి స్పీచుకి చాట్‌బాట్, ప్రాంప్టరు, అద్దె మైకు సెట్టు: ఏది ఎంతవరకు

ఐదుకి మార్కులు వేస్తే అద్దె మైకు సెట్టుకి నాలుగు, ఫోనులో తెలుగు వాయిస్ టైపింగుకి మూడున్నర, చాట్‌బాట్‌కి రెండున్నర, చదవాల్సిన అక్షరాల్ని తెర మీద దొర్లించే ఫోను ప్రాంప్టరుకి ఒకటి. మైకు సెట్టుకి ఆ నాలుగూ దాన్ని నడిపే కుర్రాడితో ముందుగా పది నిమిషాలు కూర్చుంటేనే. కూర్చోకపోతే రెండు.

పెళ్లిలో స్నేహితుడు లేచి నాలుగు మాటలు చెప్పడం మనకి కొత్తేం కాదు. పంచరత్నాలని ఐదు పద్యాలు రాయించి, రంగు కాగితం మీద అచ్చువేయించి, పందిట్లో ఒకరు చదువుతుంటే మిగతా స్నేహితులు పంచిపెట్టేవాళ్లు. అద్దం కట్టించిన ప్రతి ఒకటి పెళ్లికొడుకు ఇంటి గోడ మీదకి వెళ్లేది. ఆ పద్ధతిలో ఒక సుఖం ఉంది: చదివేవాడి గొంతు వినపడకపోయినా కాగితం చేతిలో ఉంటుంది. ఇప్పటి స్పీచుకి ఆ ఆసరా లేదు. ఇంగ్లీషువాళ్ల పెళ్లిలో బెస్ట్ మ్యాన్ (పెళ్లికొడుకు తోడు స్నేహితుడు) లేచేసరికి జనం బల్లల దగ్గర కుదురుగా కూర్చుని ఉంటారు, ఆయన మాట్లాడటానికి కార్యక్రమంలో ఒక చోటు ఉంటుంది. భీమవరం నుంచి అమలాపురం దాకా మన రిసెప్షన్లలో అలాంటి చోటు ఎవరూ ఉంచరు. స్టేజీ మీద ఫోటోల క్యూ, కింద భోజనాలు, మధ్యలో యాంకరు. ఆ మూడింటి మధ్య మూడు నిమిషాలు మనమే సంపాదించుకోవాలి. అందుకే ఇక్కడ ఏ సరుకైనా, ఏ సేవైనా అంత హడావిడిలో పనికొస్తుందా లేదా అన్న లెక్కతోనే చూడాలి.

రాత సంగతి ముందు.

చాట్‌బాట్‌ని 'ఫ్రెండు పెళ్లికి తెలుగులో స్పీచ్ రాయి' అని అడిగితే వచ్చేది దాదాపు ఇలా ఉంటుంది: 'ఈ శుభ సందర్భంలో మనమందరం ఇక్కడ సమావేశమైనందుకు నాకెంతో ఆనందంగా ఉంది', ఆ తర్వాత 'వారి ప్రేమ ప్రయాణం', చివర 'రండి, మన గ్లాసులను పైకెత్తుదాం'. మొదటిది ఎవరి పెళ్లికైనా సరిపోతుంది, కాబట్టి ఎవరి పెళ్లికీ సరిపోదు. రెండోది పెద్దలు కుదిర్చిన సంబంధం అయితే అబద్ధం. మూడోది మరీ ప్రమాదం. గోదావరి జిల్లాల పెళ్లి స్టేజీ మీద మైకులో గ్లాసులు ఎత్తుదాం అంటే ముందు వరసలో కూర్చున్న పెద్దాయనకి ఆ మాట ఒక్క రకంగానే అర్థమవుతుంది.

ఇంకో పొరపాటు చూడటానికి చిన్నది. ముహూర్తం ఏ అర్ధరాత్రి దాటాకో, తెల్లవారుజామునో పడితే రిసెప్షన్ అంతకుముందే సాయంత్రం ఏడింటికి పెట్టేస్తున్నారు. అప్పటికి జీలకర్ర బెల్లం పెట్టలేదు, తాళి కట్టలేదు. ఆ స్టేజీ మీద నిలబడి 'నూతన దంపతులు', 'భార్యాభర్తలైన వీరిద్దరూ' అనకూడదు. పేర్లు పెట్టి చెప్తే ఏ గొడవా ఉండదు. మనం చెప్పకపోతే చాట్‌బాట్‌కి ఈ తేడా తెలిసే దారే లేదు.

మరి రెండున్నర ఎందుకు ఇచ్చినట్టు? కోయడానికి. ఐదు నిమిషాల మాటర్ మన చేత్తో రాసి ఇచ్చి, 'కొత్త సంగతి ఏదీ కలపొద్దు, నా మాటలు మార్చొద్దు, 220 మాటలకి కుదించు, ఏ వాక్యాలు తీసేశావో విడిగా చూపించు' అంటే పని బాగా చేస్తుంది. ఆ చివరి ముక్క తప్పనిసరి. లేకపోతే కథలో ప్రాణమున్న వాక్యాన్నే తీసేసి అలంకారాన్ని ఉంచేస్తుంది. 'కలపొద్దు' అనకపోతే కాలేజీ క్యాంటీనూ, వానలో బైకు ప్రయాణమూ దానంతట అదే కల్పిస్తుంది. పెళ్లికొడుకు స్టేజీ మీద కూర్చుని 'ఇది ఎప్పుడు జరిగిందిరా' అన్నట్టు చూస్తాడు.

ఆ 220 ఎక్కడిదంటే, ఇంగ్లీషు స్పీచుల సలహాల్లో నిమిషానికి 120, 130 మాటలని రాస్తారు. ఆ లెక్క తెలుగుకి పనికిరాదు. మన మాట పొడుగు. 'వెళ్లిపోవాలనుకుంటున్నాడు' మనకి ఒక్కటే మాట, ఇంగ్లీషులో నాలుగైదు. హాల్లో వినపడేలా నింపాదిగా, ఆగి ఆగి చెప్తే నిమిషానికి 80, 90 తెలుగు మాటలే పడతాయి. మూడు నిమిషాలకి 220 అంటే నవ్వులకీ చప్పట్లకీ కాస్త జాగా మిగులుతుంది. 400 రాసుకుంటే రెండో నిమిషం నుంచి పరుగు మొదలవుతుంది, పరిగెత్తే తెలుగు ఈకోలో ముద్ద అయిపోతుంది.

రాతకి అసలు పనికొచ్చేది వాయిస్ టైపింగు. జీబోర్డులో (గూగుల్ కీబోర్డు) భాష తెలుగుకి మార్చి, మైకు గుర్తు నొక్కి, కథని కథలా చెప్పేయాలి. ఇంకా నయమైన పద్ధతి ఒకటుంది. మీ ఇద్దరికీ తెలిసిన మూడో స్నేహితుడికి అదే సంగతిని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా చెప్పి, దాన్ని మళ్లీ విని రాసుకోవడం. కాగితం ముందు పెన్ను పట్టుకుంటే మనలో ఎవరికైనా 'విచ్చేసిన బంధుమిత్రులకు' అనే భాష వచ్చేస్తుంది. ఫ్రెండుతో చెప్తే 'ఏం జరిగిందంటే' అని మొదలవుతుంది. స్పీచుకి కావాల్సింది రెండోది. లోపాలు: ఫుల్‌స్టాపులు మనమే పెట్టుకోవాల్సి వస్తుంది, ఇంటిపేర్లూ ఊళ్ల పేర్లూ వంకర పోతాయి, పక్కన ఫ్యాను ఉంటే మాటలు మింగేస్తుంది. మూడున్నర అందుకే.

నమూనాకి ఒక ముక్క. మనుషులు కల్పితం, రేవులు నిజం. వశిష్ట అంటే గోదావరి పాయ, పంటు అంటే దాన్ని దాటించే పడవ:

'మావాడిది నరసాపురం. అమ్మాయిది సఖినేటిపల్లి. మధ్యలో వశిష్ట. పెళ్లిచూపులకి వెళ్తూ పంటు మీద నుంచి నాకు ఫోన్ చేశాడు. ఒరే, అవతలి ఒడ్డు కనిపిస్తోంది, ఏం మాట్లాడాలి అన్నాడు. నువ్వేం మాట్లాడకు, అడిగినదానికి చెప్పు చాలు అన్నాను. సాయంత్రం తిరుగు పంటు మీద నుంచి మళ్లీ ఫోన్. ఈసారి సఖినేటిపల్లి రేవులో మొదలెట్టినవాడు నరసాపురం రేవు వచ్చేదాకా ఆపలేదు.'

నలభై పైచిలుకు మాటలు, అర నిమిషం. మంచివాడు, స్నేహశీలి, నవ్వు ముఖం లాంటి విశేషణం ఒక్కటి లేదు. రెండు ఊళ్లూ రావడంతో రెండు వైపుల బంధువులూ తల ఎత్తుతారు. పంటు ఎక్కని మనిషి ఆ హాల్లో ఉండడు కాబట్టి వివరించక్కర్లేదు. అమ్మాయిని పొగడకుండానే ఆమెకి గౌరవం దక్కింది. చివరి వాక్యం తర్వాత రెండు సెకన్లు ఆగాలి, నవ్వు అక్కడ వస్తుంది. నవ్వు రాకముందే తర్వాతి వాక్యం అందుకుంటే జనం నవ్వడం మానేస్తారు, మళ్లీ నవ్వరు.

మిగతా కొలతలు ఇలా ఉంటే చాలు: నేనెవరిని అన్నది ఒక్క వాక్యం, ఒకే ఒక్క సంఘటన నిమిషంన్నర, అమ్మాయి గురించి అర నిమిషం, రెండు కుటుంబాల పెద్దలకి నమస్కారం, శుభాకాంక్ష. మిగిలింది నవ్వులకి. నమస్కారాలు మొదట్లో పెట్టొద్దు. 'వేదికనలంకరించిన' అని మొదలెడితే పేర్ల జాబితాకే నలభై సెకన్లు పోతాయి, పైగా ఒక మేనమామ పేరు మర్చిపోతారు. చివర్లో 'పెద్దలందరికీ' అంటే ఎవరూ మిస్సవరు.

పిలుపుల దగ్గర జాగ్రత్త. 'మావాడు' వరకు పర్వాలేదు. మూడు నిమిషాలూ 'వాడు, వాడు' అంటుంటే మీకది చనువు, అమ్మాయి తరఫు తాతగారికి మాత్రం తన మనవరాలి భర్త కాబోయేవాణ్ణి ఎవరో తీసిపారేస్తున్నట్టు ఉంటుంది. పాత మాటని ఉన్నది ఉన్నట్టు చెప్పే చోట 'ఒరే' ఒక్కసారి బాగుంటుంది. పెళ్లికొడుకు మీకంటే పెద్దయితే అమ్మాయి వదినగారు, ఈడువాడైతే చెల్లెమ్మ. అమ్మాయి పేరు పలికే తీరు ఆమె చెల్లెల్నో తమ్ముణ్ణో అడిగి ఖాయం చేసుకోవాలి. పత్రిక మీద ఒక పేరు, ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి ఉండటం మామూలే.

వెటకారం గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఇది గోదావరి సమీక్షే కాదు. అరుగు మీద వెటకారం పండేది గొంతు వల్ల, కనుబొమల వల్ల, చివర్లో సాగదీసే 'అండీ' వల్ల. మైకులో, ఈకోలో, ఇరవై గజాల దూరంలో అవేవీ అందవు. మాట ఒక్కటే మిగులుతుంది. 'మావాడు చాలా కష్టజీవండీ' అని మీరు నవ్వుతూ అంటే వెనక వరసలో నిజంగానే కష్టజీవి అనుకుంటారు, లేదా ముందు వరసలో మామగారు కంగారు పడతారు. మీ మీద మీరు వేసుకునే వెటకారం మాత్రం ఎంత దూరమైనా చేరుతుంది. పాత ప్రేమలు, సప్లీలు, మందు పార్టీలు, కట్నం, జీతం: ఈ ఐదింటి మీద ఎంత గొప్ప జోకు ఉన్నా కొట్టేయండి.

ఇక కాగితం, ప్రాంప్టరు.

ప్రాంప్టరు యాప్ అంటే ఫోనులో అక్షరాలు కింద నుంచి పైకి దొర్లుతూ ఉంటాయి, చూసి చదవడం. ఒంటరిగా వీడియో తీసుకునేవాళ్లకి మంచి సరుకే. పెళ్లి స్టేజీ మీద ఎందుకు తేలిపోతుందంటే, దొర్లే వేగం ముందుగా పెట్టింది, చప్పట్లు దాని మాట వినవు. నవ్వుకి ఆగితే అక్షరాలు ముందుకెళ్లిపోతాయి, వెనక్కి జరపాలంటే రెండో చేయి కావాలి, ఆ చేతిలో మైకు ఉంటుంది. వీడియోవాళ్ల ఎల్ఈడీ లైటు తెర మీద పడి తెల్లగా కొడుతుంది. మధ్యలో 'ఎక్కడున్నావురా, ప్లేటు పట్టమంటావా' అని ఒక ఫోన్ రావచ్చు. వీటన్నిటికీ మించి, దూరం నుంచి చూసేవాళ్లకి మీరు వాట్సాప్ చూసుకుంటున్నట్టు ఉంటుంది. తప్పనిసరై ఫోనే వాడాల్సి వస్తే ప్రాంప్టరు వద్దు. నోట్స్‌లో పెద్ద అక్షరాలతో పెట్టి, ఫ్లైట్ మోడ్ వేసి, తెర ఆరిపోయే సమయం పెంచుకోండి.

కాగితమే మేలు, కాగితం కంటే అట్ట మేలు. ఏ4 షీటు చేతిలో వణికితే ఆ వణుకు చివరి వరస దాకా కనిపిస్తుంది, పెడస్టల్ ఫ్యాను ముందు అది జెండా అవుతుంది. మిగిలిపోయిన శుభలేఖల్లో వెనకవైపు ఖాళీగా ఉన్న మందపాటి అట్టని నాలుగు అంగుళాలు ఆరు అంగుళాలకి కోసుకుంటే సరిపోతుంది. అలాంటివి మూడు చాలు. మూలన నంబర్లు వేసుకోండి. శ్రావణం పెళ్లిళ్లలో డెల్టా గాలికి కాగితం మెత్తబడుతుంది, చెయ్యి చెమరుస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటు, జెల్ పెన్ను రెండూ అలుక్కుపోతాయి. లేజర్ ప్రింటుగానీ బాల్ పెన్నుగానీ వాడండి. అక్షరం 18 పాయింట్లకి తగ్గితే వత్తులు కనపడవు. ఒక వాక్యానికి ఒక వరస, పేరు రెండు వరసల మీద విరగకూడదు.

ప్రింటుకి డీటీపీ షాపుకి వెళ్తే ఒకటి గమనించాలి. మీరు ఫోనులో టైపు చేసింది యూనికోడ్. శుభలేఖలు చేసే చాలా షాపుల్లో అను ఫాంట్లతో పని నడుస్తుంది, అది వేరే పద్ధతి. మీ మాటర్‌ని అందులోకి మార్చేటప్పుడో, మళ్లీ కొట్టేటప్పుడో వత్తులు తారుమారు కావచ్చు. పీడీఎఫ్ చేసి పంపి, దాన్ని అలాగే ప్రింటు తీయమనడం సుఖం. తీసుకున్నాక అక్కడే నిలబడి పైకి ఒకసారి చదవండి. తప్పు కంటికి దొరక్కపోయినా నాలుకకి దొరుకుతుంది.

ఇప్పుడు మైకు సెట్టు. స్పీచు నిలిచేదీ పోయేదీ ఇక్కడే.

ఊరూరా అద్దెకి దొరికే సెట్టులో మామూలుగా ఉండేవి రెండు మూడు వైరు మైకులు, ఒక జత కార్డ్‌లెస్ మైకులు, మైకుల శబ్దాన్ని కలిపి సరిచేసే మిక్సరు, యాంప్లిఫయరు, రెండు స్పీకరు బాక్సులు. పందిళ్లకైతే హార్నులు అదనం. ఇది పెళ్లివారి ప్యాకేజీలోనే వచ్చేస్తుంది, స్పీచు కోసం వేరే ఖర్చు లేదు. సరుకుగా చూస్తే ఈ సెట్లు అడిగినదానికంటే ఎక్కువే చేస్తాయి. చేతి మైకు ఆకారం చాలావరకు షూర్ ఎస్ఎం58 పోలికే. 1966లో వచ్చిన ఆ మోడల్‌ని చూసి చేసినవి లోకమంతా ఉన్నాయి. అసలుదైనా పోలికదైనా పనిచేసే సూత్రం ఒకటే: ఎదురుగా వచ్చిన శబ్దాన్ని బాగా పట్టుకుంటుంది, వెనక నుంచి వచ్చేదాన్ని వదిలేస్తుంది. ఆ వదిలేసే గుణం మైకు పైన ఉండే జాలీ గుండు లోపల వెనకవైపు ఉండే సందుల వల్ల వస్తుంది. సినిమా పాటగాళ్లలా గుండుని గుప్పిట్లో మూస్తే ఆ సందులు మూసుకుపోయి మైకు అన్ని వైపులా వినడం మొదలెడుతుంది, బాక్సులోంచి వచ్చే తన గొంతు తనే విని కూత పెడుతుంది. కూత వచ్చిన వెంటనే జనం మైకుని ఇంకా గట్టిగా మూస్తారు, కూత పెరుగుతుంది. చెయ్యి కాడ మీదకి దించితే చాలు, చాలాసార్లు అదే ఆగిపోతుంది.

నోటికీ గుండుకీ మధ్య రెండు వేళ్ల నుంచి నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. దూరం రెట్టింపైతే మైకుకి అందే శబ్దం సగానికి పడిపోతుంది. రెండు అంగుళాల నుంచి ఎనిమిదికి జరిగితే నాలుగో వంతు. బిడియం కొద్దీ మైకుని బొడ్డు దగ్గర పట్టుకుంటే ఆపరేటరు వాల్యూం పెంచుతాడు, పెంచితే కూత. మరీ పెదవికి ఆనిస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు లావెక్కుతుంది, 'భ', 'ఫ', 'ప' దగ్గర ఊపిరి తగిలి ఢబ్బుమంటుంది. నోటికి సూటిగా కాకుండా మైకుని గడ్డం వైపు నుంచి కాస్త ఏటవాలుగా పెడితే ఊపిరి పక్కనుంచి పోతుంది. టెస్టింగుకి 'హలో హలో' అనకండి, అందులో ఈ అక్షరాలు లేవు. పెళ్లికొడుకు పేరు, అమ్మాయి పేరు, రెండు ఊళ్లు పలకండి. ఎలాగూ స్పష్టంగా వినపడాల్సినవి అవే.

కార్డ్‌లెస్సా, వైరా అంటే స్పీచుకి వైరు మైకు, స్టాండు మీద. కార్డ్‌లెస్ తీసుకుంటే మూడు చిక్కులు. ఒకటి సెల్లు. సాయంత్రం నుంచి యాంకరు చేతిలో నడిచిన మైకు మీ వంతుకి నీరసపడి ఉంటుంది, మాట మధ్యలో తెగుతుంది. కొత్త ఆల్కలైన్ సెల్లు ఒక జత జేబులో ఉంచుకోవడం చవకైన బీమా. రెండు, కాడ మీద ఉండే స్విచ్ బొటనవేలికి సరిగ్గా తగిలే చోటే ఉంటుంది, వణికే వేలికి అది జారుతుంది. మూడు, చేతిలో మైకు ఉంది కదా అని నడవాలనిపిస్తుంది, నడిచి బాక్సు ముందుకి వెళ్తే మళ్లీ కూత. స్టాండు ఉంటే రెండు చేతులూ అట్ట పట్టుకోవడానికి మిగులుతాయి. స్టాండు ఎత్తు మీ గడ్డానికి సరిచేసేదాకా మాట్లాడటం మొదలెట్టొద్దు. ఆ ఐదు సెకన్ల నిశ్శబ్దం వల్ల జనం చూపు ఇటు తిరుగుతుంది కూడా.

ఈకో. ఈ సమీక్షలో ఒక్క వాక్యమే గుర్తుంటుంది అంటే ఇది గుర్తుంచుకోండి: మీ వంతు రాగానే ఈకో తీయించండి. పాటల ట్రూపు కోసం మిక్సరు మీద ఈకో తిప్పి ఉంచుతారు. పాటకి అది నెయ్యి, మాటకి బురద. 'సఖినేటిపల్లి' అన్న మాట 'పల్లి పల్లి పల్లి' అని మూడుసార్లు తోక ఊపితే తర్వాతి వాక్యం దాని కింద పడి నలుగుతుంది. కుర్రాడితో ఇలా చెప్తే చాలు: 'తమ్ముడూ, నేను మాట్లాడేటప్పుడు ఈకో పూర్తిగా తీసెయ్యి, బేస్ కాస్త తగ్గించు, వెనకాల పాట ఆపెయ్యి, తగ్గించడం కాదు, ఆపెయ్యి.' 'తగ్గించు' అంటే సన్నగా ఏదో ఒక వీణ నడుస్తూనే ఉంటుంది. ఈ మాటలు మీ వంతుకి ఐదు నిమిషాల ముందు కాదు, జనం రాకముందు, టీ తాగుతూ చెప్పాలి. ఆ కుర్రాడు పొద్దున్నుంచి వైర్లు లాగి ఉంటాడు. పేరు అడిగి పిలిస్తే పని తేడా తెలుస్తుంది.

బాక్సులు ఎక్కడ పెట్టారో చూడండి. నేల మీద పెడితే శబ్దం మొదటి వరస మోకాళ్ల దగ్గరే ఆగిపోతుంది. వెనకవాళ్లకి అందదని వాల్యూం పెంచితే ముందువాళ్ల చెవులు పోతాయి. కూర్చున్నవాళ్ల తలల మీదుగా వెళ్లేలా స్టాండు మీద ఎత్తుగా, మైకు నిలబడే చోటుకి ముందుగా ఉండాలి. మైకు బాక్సుల వెనక ఉంటేనే కూతకి దూరం.

హాలు మన చేతిలో లేదు గానీ దాని లెక్క తెలిస్తే వేగం సరిచేసుకోవచ్చు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. ముప్పై మీటర్ల హాల్లో వెనక గోడకి కొట్టుకుని తిరిగి స్టేజీకి వచ్చేసరికి దాదాపు 0.18 సెకను. అంటే మీ మాట మీకే కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది, నాలుక తడబడుతుంది. అది మీ భయం కాదు, వెనక గోడ. గ్రానైటు నేల, గాజు గోడలు ఉన్న కొత్త ఏసీ హాళ్లలో ఇది ఎక్కువ. ఖాళీ హాల్లో టెస్టింగు చేసినప్పుడు ఘోరంగా ఉందని బెంగపడకండి. జనం నిండాక పట్టుచీరలూ ఒళ్లూ సగం ప్రతిధ్వనిని మింగేస్తాయి. రేకుల షెడ్డు కల్యాణ మండపంలో వాన పట్టుకుంటే మాత్రం ఏ సెట్టూ ఏమీ చేయలేదు. పేర్లు, ఒక వాక్యం, శుభాకాంక్ష, దిగిపోవడమే.

ఊళ్లో ఇంటి ముందు పందిరైతే హార్నుల లెక్క వేరు. కొబ్బరిచెట్లకి కట్టిన హార్నులో మాట స్పష్టంగానే వస్తుంది, గొంతులో మెత్తదనమే రాదు. వంద మీటర్ల అవతల ఇంకో హార్ను ఉంటే దాని మాట దగ్గర హార్ను మాట కంటే 0.3 సెకను వెనకగా చేరుతుంది, దగ్గర హార్ను పక్కన కూర్చున్నవాళ్లకి ప్రతి మాటా రెండుసార్లు. స్పీచు వరకు దూరపు హార్నులు కట్టేయమనండి, ఊరంతా వినాల్సిన పని లేదు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం (ఇవి 2000లో వచ్చాయి) రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు వాడకూడదు, నాలుగు గోడల హాళ్లకి మినహాయింపు. కాబట్టి పందిట్లో తొమ్మిదిన్నర దాటితే స్పీచు మీద ఆశ వదులుకోండి. చదివింపులు మైకులో చదివే ఊరైతే ఆ మైకు దగ్గర కూర్చున్న పెద్దమనిషితో ముందే మాట్లాడుకోవాలి. పుస్తకం తెరిచాక ఆయన ఎవరికీ ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. సన్నాయి మేళం పెద్దకి కూడా ఒక మాట చెప్పి ఉంచాలి. డోలుకి మైకు అక్కర్లేదు, మీ మైకు దాని ముందు ఆగదు.

కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు కొన్ని సెకన్ల చీకటి. అరిచి కొనసాగించవద్దు. మిక్సరు మళ్లీ లేచి, కార్డ్‌లెస్ మళ్లీ కలవడానికి ఇంకాస్త పడుతుంది. నిలబడి, తిరిగి వచ్చాక ఆగిన వాక్యాన్ని మొదటినుంచి చెప్పాలి. 'కరెంటు కూడా భయపడిపోయింది' లాంటి జోకు వద్దు, ఆ హాల్లో అది మీకంటే ముందు చాలామంది అనేశారు.

సమయం: జంట స్టేజీ ఎక్కిన పది నిమిషాల లోపు, ఫోటోల క్యూ మొదలవకముందు. అరగంట దాటితే సగం మంది భోజనాల దగ్గర ఉంటారు, మన పెళ్లిళ్లలో స్పీచు కోసం విస్తరి వదిలి వచ్చే మనిషి పుట్టలేదు. వచ్చినా పనసపొట్టు కూర అయిపోతుందేమోనన్న ధ్యాసే. యాంకరుకి మిమ్మల్ని పరిచయం చేసే వాక్యం మీరే రాసి ఇవ్వండి, పన్నెండు మాటల లోపు. ఇవ్వకపోతే 'ప్రాణ స్నేహితుడు, ఆత్మబంధువు, ఇప్పుడు కన్నీళ్లు పెట్టించబోతున్నారు' అని మీ నెత్తిన బస్తా పెట్టేస్తారు. రిసెప్షన్‌లో అసలు చోటే దొరకదనిపిస్తే ముందురోజు పెళ్లికొడుకుని చేసిన సాయంత్రం మేలు. అరవై, డెబ్బై మంది దగ్గరివాళ్లు, చిన్న బాక్సు, తొందరలేని జనం. అదే స్పీచు అక్కడ రెట్టింపు పండుతుంది. అమ్మాయి తరఫువాళ్లు ఉండరన్నదే లోటు, అందుకని ఆ అర నిమిషం వీడియో తీయించి పంపాలి. రిసెప్షన్‌లో అయితే వీడియోవాళ్లని మిక్సరు నుంచి నేరుగా లైను తీసుకోమనండి. కెమెరా మైకు పట్టేది మీ మాటల్ని కాదు, పక్క కుర్చీలో 'ఈ అబ్బాయి ఎవరండీ' అన్న ప్రశ్నని.

మాట్లాడటం అయ్యాక మైకు స్టాండు మీదే వదిలేయండి, స్విచ్ కట్టొద్దు. కడితే తర్వాతివాళ్లు 'వస్తోందా, వస్తోందా' అని గుండు మీద కొడతారు. మూడు అట్టలూ పెళ్లికొడుకు చేతికి కాదు, ఆ రాత్రి అతని చేతిలో ఏదీ నిలవదు. అతని చెల్లెలికో తమ్ముడికో ఇవ్వండి. దిగేటప్పుడు ఎక్కిన మెట్ల వైపు వెళ్లొద్దు, అక్కడ అప్పటికే అక్షింతలూ పూతరేకుల పెట్టెలూ పట్టుకుని జనం నిలబడి ఉంటారు. అవతలి మెట్లు వాడండి. అక్కడ కార్పెట్ కింద మైకు వైర్లు ఉంటాయి, చూసి అడుగేయండి.